బండి కింద దూరి చూడండి

(అనంతపురంలో రైతులు, చిన్న కాంట్రాక్టర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

తక్కువ డబ్బులో మంచి సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి ఏదో ఒక్క ముక్కలో చెప్పమని నన్ను పిలిచారు. ఒక్క ముక్కలో తేలే పనైతే ఈ మైకు అవసరమే ఉండేది కాదు. నా దృష్టిలో ఏ కంపెనీ బండి అన్నది రెండో ప్రశ్న. మీ ముందు నిలబడి ఉన్న ఆ బండిలో వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా నిజంగా లాగుతున్నాయా లేదా అన్నది మొదటి ప్రశ్న. మన ప్రాంతంలో ఆ సంగతి తేల్చుకోకుండానే చాలా బండ్లు చేతులు మారుతున్నాయి.

దానికి కారణం మన వానే. అనంతపురానికి ఏడాది మొత్తం మీద పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడిలో శనగ వేసేవాళ్లకు నేను చెప్పేదేముంది, ఆ రోజుల్లో ట్రాక్టరు కూడా దిగబడుతుంది. మిగతా ఏడాదంతా బండి తారు రోడ్డు మీదే తిరుగుతుంది. నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటుకు పనే ఉండదు. నెలల తరబడి కదపని లివరు బిగుసుకుపోతుంది. బటన్‌తో పనిచేసే రకమైతే లోపలి చిన్న మోటారు పట్టేస్తుంది. ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి. ఇవేవీ అమ్మేవాడికి తెలియకపోవచ్చు. ఆయన అబద్ధమాడుతున్నాడని నేను అనను. ఎప్పుడూ వేసి చూడలేదు, అంతే.

అయితే ఈ బండి అసలు మీకు కావాలా? కంకర దారిలో తోటకు వెళ్లి రావడానికి, ఏడాదికి రెండుసార్లు వంక దాటడానికి అయితే అక్కర్లేదు. కాస్త ఎత్తుగా ఉండి, మంచి టైర్లున్న మామూలు బొలెరో చాలు. మిగిలిన డబ్బు బోరుకు పనికొస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరల పనికి మనుషులను, సామాను ఎక్కించేవాళ్లకు, రేగడి పొలాల మధ్యే ఇల్లున్నవాళ్లకు మాత్రం ఇది తప్పదు.

ఇంకొక భ్రమ కూడా తీరాలి. ఎత్తుగా ఉన్న ప్రతి బండీ ఫోర్ బై ఫోర్ కాదు. మన పెనుకొండ దగ్గర తయారయ్యే సెల్టోస్ చూడటానికి ఎంత దిట్టంగా ఉన్నా, మన దేశంలో అమ్మే వాటికి ముందు చక్రాలే లాగుతాయి. క్రెటా, బ్రెజ్జా కూడా అంతే. థార్ అయితే ఫోర్ బై ఫోరే కదా అనుకుంటారు. 2023 జనవరి నుంచి వెనక చక్రాలు మాత్రమే లాగే థార్‌లు కూడా అమ్ముతున్నారు. డోరు మీది స్టిక్కరు ఎవరైనా అంటించవచ్చు. ఆర్‌సీలో మోడల్ పేరు చదవండి, గేరు లివరు పక్కన రెండో లివరు గానీ, డాష్‌బోర్డు మీద తిప్పే బటన్ గానీ ఉందేమో చూడండి. ఆ తర్వాత చొక్కా మాసినా సరే, ఒక గోనెపట్టా పరుచుకొని బండి కింద దూరండి.

గేర్ బాక్సు వెనకాల, ఇంజిను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. దాని నుంచి వెనక్కి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుకు బలం చేర్చే తిరిగే కడ్డీ), ముందుకు ఒకటి వెళ్లాలి. ముందు షాఫ్టు వణుకుతోందని దాన్ని ఊడదీసి మూల పడేసి, బండిని అలాగే నడిపేవాళ్లు ఉన్నారు. లివరు పడుతుంది, డాష్‌బోర్డు మీద దీపం కూడా వెలగవచ్చు, ముందు చక్రాలకు మాత్రం ఏమీ అందదు. షాఫ్టును చేత్తో పట్టుకొని అటూ ఇటూ తిప్పండి. దాని చివరల్లోని క్రాసుల (మడత కీళ్ల) దగ్గర టక్కుమని ఆడితే అవి అరిగాయి. ఆ ఖర్చు పెద్దది కాదు గానీ బేరానికి పనికొస్తుంది. అసలు పరీక్ష ముందు, వెనక డిఫరెన్షియల్ హౌసింగుల (ఇరుసుల మీద ఉండే గేర్ల పెట్టెల) దగ్గర ఉంది. ఆయిల్ పోసే బోల్టు విప్పించి, చిటికెన వేలు లోపల పెట్టి తీయండి. ఆయిల్ నల్లగా ఉన్నా కంగారు లేదు. పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చిందంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం. గేర్ల మీద తుప్పు మొదలై ఉంటుంది. వేలికి మెరిసే ఇనుప రజను అంటితే ఇంక బేరం మాటే వద్దు, లేచి రండి. ఈ బోల్టు విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారుడికి కూడా దూరం నుంచే దండం పెట్టండి.

మన పెద్దవాళ్లు సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి ఊరుకునేవారు కాదు, కాడికి కట్టి బరువు లాగించేవారు. బండికీ అదే పని చేయాలి, కానీ తారు రోడ్డు మీద చేయకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. థార్, జిప్సీ లాంటి పార్ట్ టైమ్ బండ్లలో, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలనూ కలుపుకునే బండ్లలో, ఫోర్ వేస్తే రెండు ఇరుసులూ ఒకే వేగానికి కట్టుబడిపోతాయి. గట్టి రోడ్డు మీద చక్రం జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అందుకని బండిని చెరువు కింది వదులు మట్టిలోకి తీసుకుపోండి. ‘ఫోర్ హై’ (మామూలు వేగంతో నాలుగు చక్రాలూ లాగే స్థానం) వేసి కదిలించండి. బయట ఒకరిని నిలబెట్టి, ముందు చక్రాలు కూడా మట్టిని వెనక్కి చిమ్ముతున్నాయో లేదో చూడమనండి. తర్వాత బండి ఆపి ‘ఫోర్ లో’ (వేగం తగ్గించి బలం పెంచే లో గేరు) వేయండి. ఎక్కుడు మీద మొదటి గేరులో క్లచ్ వదిలితే, యాక్సిలరేటర్ తొక్కకుండానే నడుచుకుంటూ ఎక్కాలి. మధ్యలో లివరు దానంతట అది బయటికి తన్నుకొస్తే ట్రాన్స్‌ఫర్ కేసు అరిగిపోయింది. ఆ మరమ్మతు బండి ధరలో మంచి వాటానే మింగేస్తుంది.

టైర్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు గుండువి వేసి రంగు కొట్టి అమ్ముతారు. మామూలు కారుకు అది చిన్న లోపం, ఈ బండికి మాత్రం ఫోర్ వేసిన ప్రతిసారీ శిక్ష.

ఇక మోడళ్లు. ఐదారు లక్షలతో బయలుదేరేవాళ్లకు నా ఓటు 2010 నుంచి 2020 వరకు వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈకి. 2.5 లీటర్ల డీజిల్ ఇంజిను, పని తెలిసిన మేస్త్రీలు ఊరూరా ఉన్నారు, సామాను కర్నూలులోనూ కడపలోనూ దొరుకుతుంది. వెనక కూర్చున్నవాళ్ల నడుము సంగతి నన్ను అడగవద్దు. ఇంటిల్లిపాదీ ఎక్కాలంటే స్కార్పియో ఫోర్ వీల్ డ్రైవ్ వెతకండి, తక్కువగా దొరుకుతుంది, ఓపిక పట్టాలి. సఫారీ స్టార్మ్ మంచి బండే, 2019లో ఆగిపోయింది. 2014లో వచ్చిన డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ బెంగళూరు దారిలో సుఖంగా ఉంటుంది. దానికి లో గేరు లేదు, పొట్టి మొదటి గేరుతోనే సర్దుకోవాలి. గుట్టలెక్కే పనికి నేను దాన్ని సిఫారసు చేయను. ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది కాబట్టి ఎండీవర్ చవకగా కనబడినా, సామాను ఎక్కడ దొరుకుతుందో ముందే విచారించండి.

మన పొడి గాలి ఈ విషయంలో మనకు మేలే చేసింది. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండి కంటే ఇక్కడి బండి ఛాసిస్‌కు తుప్పు తక్కువ. అందుకే బయటి నుంచి వచ్చిన బండి అంటే నాకు అనుమానం. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. మునిగిన బండ్లు కడిగి, పాలిష్ పట్టి ఇంకో జిల్లాలో తేలుతాయి. పైన పటారం, లోన లొటారం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, ఎవరూ కడగని ఆ చివరి జానెడులో బురద చార ఉంటుంది. సీటు పట్టాల కింద, ఫ్యూజుల పెట్టెలో కూడా టార్చి వేయండి. ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ బండ్ల కథ వేరు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది, అందుకే అవి చవకయ్యాయి. బండి బాగుండవచ్చు, కానీ ఎన్ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

కాగితాల గురించి క్లుప్తంగా. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు ఉంటే దాన్ని ఆర్‌సీలో కొట్టేయించడానికి బ్యాంకు లేఖతో ఫారం 35, బళ్లారి, బెంగళూరు బండికి ఎన్ఓసీ కోసం ఫారం 28. పొరుగు రాష్ట్రపు బండికి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ పడుతుంది, ధర మాట్లాడేటప్పుడే దాన్ని కలుపుకోండి. 15 ఏళ్లు దగ్గర పడిన బండైతే రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు కూడా గుర్తుంచుకోండి. కార్లకు అది 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5000కు పెరిగింది. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు కాగితంతో అంకె అంకెకూ సరిపోవాలి. ఇంజిను మార్చి ముస్తాబు చేసిన టాపు లేని జీపులు కంటికి ఇంపుగా ఉంటాయి, రవాణా శాఖ కార్యాలయంలో చుక్కలు చూపిస్తాయి.

చేతిలో ఉన్న మొత్తాన్నీ ధరకే పోయకండి. ఐదో వంతు పక్కన పెట్టండి. కొన్న వారంలోనే ఇంజిను, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక డిఫరెన్షియళ్లు, ఈ ఐదు చోట్లా ఆయిల్ మార్పించండి. ఆ తర్వాత నెలకొకసారి వాన ఉన్నా లేకపోయినా మట్టి దారిలో ఫోర్ వేసి కాసేపు నడపండి.

ముందు వరుస నుంచి ఒక చీటీ వచ్చింది. సైన్యం వేలంలో తీసేసిన జిప్సీ కొనవచ్చా అని అడుగుతున్నారు. బండి తేలిక, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిను, వంకలో ఇసుక మీద దానికి సాటి లేదు. కానీ వేలం కాగితం ఒక్కటే చూపిస్తే కొనవద్దు. పౌర రిజిస్ట్రేషన్ పూర్తయి, ఆర్‌సీ అమ్మేవాడి పేరు మీద ఉంటేనే బేరం మొదలుపెట్టండి. ముందు చక్రాల హబ్బులు (చక్రాన్ని ఇరుసుతో కలిపే మధ్య భాగాలు) లాక్ అవుతున్నాయో లేదో చూడండి. రోజూ హైదరాబాదు వెళ్లి వచ్చే పని ఉంటే మాత్రం పెట్రోలు బంకువాడు తప్ప ఎవరూ సంతోషించరు.

తర్వాతి ప్రశ్న అడగండి.