అడవి మ్యాపులో 11వ నంబరు బస్సు

నమస్తే అండీ. ఈ వారం కూడా ఒకరు మ్యాపు పంపారు. "ఈ గడిలో 2011లో అడవి పోయిందని చూపిస్తోంది, కానీ ఆ ఏడాది శాటిలైట్ ఫోటోల్లో చెట్లు నిక్షేపంగా ఉన్నాయి. డేటా తప్పా?" అని. డేటా తప్పు కాదండీ. మీరు బస్సు నంబర్లకు సగటు కట్టారు.

నాకు ఇలాంటివి ఎన్నోసార్లు వచ్చాయి కాబట్టి ఒక్కసారి తీరిగ్గా చెప్పేస్తాను.

[స్క్రీన్ మీద: రంగురంగుల గడులు, ఒక్కోదానిలో ఒక అంకె]

ఇది గ్లోబల్ ఫారెస్ట్ చేంజ్ డేటా, శాటిలైట్ ఫోటోలను బట్టి ఎక్కడ ఏ ఏడాది అడవి పోయిందో చెప్పేది. 2013లో హాన్సెన్ బృందం ప్రచురించింది, ఆ తర్వాత కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ఇందులో లాస్ ఇయర్ అనే లేయర్ ఉంది. 0 ఉంటే నష్టం కనబడలేదని. 3 ఉంటే 2003, 19 ఉంటే 2019. ఇవి కొలతలు కావు, పేర్లు. బస్సు ముందు రాసే నంబరు లాంటివి. 19వ నంబరు బస్సు 3వ నంబరు బస్సు కంటే పెద్దదేమీ కాదు కదా?

అడవి పోతే ఎంత కార్బన్ గాల్లో కలిసిందో లెక్కకట్టడానికి మీరు వాడే బయోమాస్ (చెట్ల బరువు) మ్యాపు 100 మీటర్ల గడులది. దానికి సరిపోవాలని లాస్ ఇయర్‌ను కూడా 100 మీటర్లకు మార్చారు. ఒక పెద్ద గడిలో పన్నెండు, పదమూడు చిన్న పిక్సెళ్లు పడతాయి. వాటిలో సగం 2003లో కాలిపోయాయి, సగం 2019లో నరికేశారు. ఏ పద్ధతి అని సాఫ్ట్‌వేర్ అడిగితే మీరు "యావరేజ్" నొక్కారు. 3, 19 కలిపి సగం చేస్తే 11. అంటే 2011! ఆ ఏడాది అక్కడ ఒక్క కొమ్మ కూడా విరగలేదు. 3వ నంబరు బస్సునూ 19వ నంబరు బస్సునూ కలిపి సగం చేస్తే 11వ నంబరు బస్సు రాదండీ. వచ్చినా అది మన కాళ్లతో నడిచే ఆ పాత 11వ నంబరు బస్సే.

నరికిన స్థలం అంచు దగ్గర ఇంకా విచిత్రం. లోపల 19, బయట 0. బైలీనియర్ (చుట్టుపక్కల పిక్సెళ్ల అంకెలను కలిపి సగటు తీసే పద్ధతి) వాడితే మధ్యలో 14, 10, 5 అంటూ ఒక చక్కటి చారల అంచు తయారవుతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందంటే, అడవి ఏటేటా కొంచెం కొంచెంగా తరిగిపోయిందని ఓ కథ అల్లేయొచ్చు. నేను ఒకప్పుడు అల్లాను కూడా, రెండు వారాలు. ఫైలు 8-బిట్ పూర్ణాంకాలది కాబట్టి 9.5 లాంటిది వచ్చినా దశాంశం పోతుంది. అందుకే అనుమానం రాదు.

కార్బన్ లెక్కలో దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. 2019లో పోయిన అడవికి 2011 అని పడితే, మోడల్ ఉద్గారాలు ఎనిమిదేళ్లు ముందే జరిగినట్టు లెక్కేస్తుంది. పైగా ఆ ఎనిమిదేళ్లూ కొత్త మొక్కలు పెరిగాయని కార్బన్ జమ వేస్తుంది. చెట్టు నిలబడి ఉండగానే దాని మోడు మీద చిగుళ్లు లెక్కపెట్టడమన్నమాట.

మరి ఏం చేయాలి? చాలామంది "మోడ్ వాడు, ఎక్కువ పిక్సెళ్లలో ఉన్న అంకె తీసుకో" అంటారు. నాకు నచ్చదు. గడిలో అరవై శాతం అడవి అలాగే ఉంటే 0 గెలుస్తుంది, పోయిన నలభై శాతం మాయం. అడవిలో వేసిన సన్నటి రోడ్డు మొదట అలాగే చెరిగిపోతుంది. నా పద్ధతి ఏడాదికో లేయర్. 2003కి ఒకటి, అందులో పోయిన చోట 1, లేని చోట 0. అలాగే 2019కి. ఇప్పుడు ధైర్యంగా సగటు కట్టండి. వచ్చేది ఆ గడిలో ఎంత భాగం ఆ ఏడాది పోయిందన్నది. ఏ నంబరు బస్సులు ఎన్ని ఉన్నాయో విడివిడిగా లెక్కపెట్టినట్టు. ఫైళ్లు ఎక్కువవుతాయి, అవనివ్వండి.

గడి సైజు మార్చకుండా ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే తీరు) మాత్రమే మారుస్తుంటే నియరెస్ట్ నెయిబర్ చాలు, అంటే దగ్గరి పిక్సెల్ అంకెను అలాగే తీసుకోవడం. అన్నట్టు, గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లోకి మీ సొంత రాస్టర్ (గడుల మ్యాపు) అప్‌లోడ్ చేసేటప్పుడు పిరమిడింగ్ పాలసీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. జూమ్ తగ్గించినప్పుడు చిన్న గడులను ఎలా కలపాలో చెప్పేది. డిఫాల్ట్ మీన్, అంటే సగటు. ముట్టుకోకుండా వదిలేస్తే, జూమ్ తగ్గించినప్పుడల్లా మళ్లీ బస్సు నంబర్ల సగటే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

30 మీటర్ల పిక్సెల్ అంటే 900 చదరపు మీటర్లు అని గుణించేయకండి. ఈ డేటా డిగ్రీల్లో ఉంది, పిక్సెల్ 0.00025 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర సుమారు 770 చదరపు మీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దాంట్లో సగం. ముందు పిక్సెల్ ఏరియా లేయర్ చేసుకోండి.

బయోమాస్ మ్యాపు ఏ ఏడాదిదో చూడండి. 2019లో వెళ్లిపోయిన బస్సును 2020 మ్యాపులో వెతికితే ఖాళీ స్టాండే కనబడుతుంది. నష్టానికి ముందటి మ్యాపు కావాలి. అందులో ఉన్నది హెక్టారుకు టన్నుల బయోమాస్, కార్బన్ కాదు. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం) 2006 మార్గదర్శకాల్లో ఉష్ణమండల చెట్లకు ఇచ్చిన డిఫాల్ట్ కార్బన్ వాటా 0.47తో గుణించాలి, కార్బన్ డయాక్సైడ్ కావాలంటే ఆపైన 44/12తో. వేర్లు అందులో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

వెర్షన్ నంబరు ఫైలు పేరులోనే రాయండి. మొదటి వెర్షన్‌నూ, 2011 నుంచి మళ్లీ ప్రాసెస్ చేసిన తర్వాతి వెర్షన్లనూ కలిపి వాడేటప్పుడు జాగ్రత్త అని డేటా ఇచ్చినవాళ్లే చెప్పారు. డౌన్‌లోడ్ చేసిన ఒరిజినల్ ఫైలు మీద మాత్రం ఎప్పుడూ సేవ్ కొట్టకండి.

అది ఉంది కాబట్టే ఈ వారం వచ్చిన మ్యాపు సంగతి తేలింది. ఒరిజినల్ తెరిచి, 2011 అని రంగు పడిన ఆ గడిలోకి జూమ్ చేశాను. పదమూడు పిక్సెళ్లు. ఒక్కదానిలోనూ 11 లేదు.