బెజవాడ డాబా మీద చుక్కల ఫొటోలు

అందరికీ నమస్కారం.

మొన్న మా పక్కింటాయన అడిగారు: "రోజూ ట్రైపాడ్ భుజాన వేసుకుని డాబా ఎక్కుతారు, బెజవాడలో చుక్కలెక్కడ కనబడతాయండీ?" న్యాయమైన ప్రశ్నే. మా కృష్ణలంకలో కంటికి పాతిక ముప్పై చుక్కలు ఆనితే గొప్ప. ఆకాశపు చీకటికి జాన్ బోర్టిల్ అనే ఆయన 2001లో 9 మెట్ల కొలత ఇచ్చాడు. మొదటి మెట్టు కటిక చీకటి. మనం చివరి మెట్ల మీదున్నాం.

నా మొదటి ఫొటో గురించి చెబుతాను. పాలపుంత తీద్దామని ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 3200 పెట్టి, 30 సెకన్లు షట్టర్ తెరిచాను. వచ్చింది పలచటి కాఫీ రంగు. కెమెరాని ఆర్నెల్లు తిట్టుకున్నాను. నిజానికి చుక్కల వెలుగు లోపలికి వచ్చింది, దాని మీద ఊరి వెలుగు వచ్చి కూర్చుంది. ఊరి వెలుగుతో పెద్ద పేచీ లేదు. ఫొటో అంతా ఇంచుమించు ఒకేలా పరుచుకుంటుంది కాబట్టి కంప్యూటర్లో తీసెయ్యొచ్చు. దానితో పాటు ఇసక చల్లినట్టు వచ్చే గ్రెయిన్ ఉంది చూశారూ, అదే వదలదు.

దానికి మందు ఎక్కువ ఫొటోలు తీయడం. 30 సెకన్లది ఒక్కటి కాదు, 5 సెకన్లవి 100 తీయండి. చుక్క ప్రతి ఫొటోలోనూ ఉంటుంది, గ్రెయిన్ మాత్రం ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది. చుక్కలు కలిసేలా పేర్చి సగటు తీస్తే, 100 ఫొటోలకి గ్రెయిన్ పదో వంతుకి దిగుతుంది. ఇది వర్గమూలం లెక్క. ఇరవయ్యో వంతు కావాలంటే 400 తీయాలి, అంటే అక్కణ్ణించి ఓపికే పెట్టుబడి. పేర్చడానికి సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్ ఉచితంగా దొరుకుతాయి. ఫొటోలు రా (కెమెరా దిద్దకుండా దాచే) ఫార్మాట్‌లోనే తీయండి.

5 సెకన్లే ఎందుకంటారా? భూమి తిరుగుతోంది మరి. 500ని లెన్స్ మీద ఎంఎంలలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు తీయొచ్చో సుమారుగా తెలుస్తుంది. 50 ఎంఎం లెన్స్‌కి 10. మనలో చాలామంది దగ్గరుండే చిన్న సెన్సర్ కెమెరాలకైతే 6 దాటితే చుక్క సాగిపోతుంది.

ఊరి వెలుగుని ఆపే ఫిల్టర్లు కొనమంటారా అని అడుగుతుంటారు. పాత సోడియం దీపాల వెలుగు ఎక్కువగా పసుపు రంగు చుట్టూనే ఉంటుంది కాబట్టి ఆపడం తేలిక. ఎల్‌ఈడీ అన్ని రంగులూ చిమ్ముతుంది, ఫిల్టర్ దాన్ని పూర్తిగా ఆపలేదు. ఆ డబ్బు దాచుకోండి.

ఊళ్లో ఉండి పాలపుంత వెంట పడొద్దు. డిసెంబరు రాత్రి పది ప్రాంతంలో కృత్తికలు, అదే మన పిల్లలకోడి, దాదాపు నడినెత్తికి వస్తాయి. అక్కడ గాలి పొర పలచన, ఊరి వెలుగూ తక్కువ. కాకపోతే ఏటి తేమకి లెన్స్ చెమరుస్తుంది. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ ఆ నెలంతా డాబా మీదే ఉంటుంది.

నాకు బాగా ఇష్టమైన చోటు మాత్రం సీతానగరం ఘాట్. ఉత్తరానికి తిరిగితే ఏటికి అవతల బెజవాడ, దాని పైన 16.5 డిగ్రీల ఎత్తులో ధ్రువ నక్షత్రం. రెండు గంటలపాటు వరసగా తీసి, పేర్చేటప్పుడు సగటు కాకుండా 'లైటెన్' (ప్రతి చోటా అన్ని ఫొటోల్లోకీ ఎక్కువ వెలుగున్నదాన్నే ఉంచేది) ఎంచుకోండి. ప్రతి చుక్కా 30 డిగ్రీల వంపు గీస్తుంది. కింద నీళ్లలో దీపాలు. నిజం చెప్పొద్దూ, ఆ దీపాలు లేకపోతే ఆ ఫొటో బోసిగా ఉంటుంది.

దోమలు మాత్రం పీకేస్తాయి. క్రీమ్ రాసుకోండి, కానీ ఆ చేత్తో లెన్స్ ముట్టుకోకండి. నేను ముట్టుకున్నాను.