'కుస్తీ'లో దీర్ఘం ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం.

మా పక్కింటి బాబు రెండో తరగతి. మొన్న సాయంత్రం వాళ్ళమ్మ పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి తెలుగు వాచకం చదువుతున్నాడు. 'కుస్తీ' అనే మాట దగ్గర ఆగిపోయాడు. ముందు 'కు' అన్నాడు. తర్వాత 'సీ' అన్నాడు. కింద త వత్తు కనిపిస్తే 'త' అన్నాడు. మొత్తం 'కుసీత' అయింది. "నిన్ననే కదరా చెప్పాను!" అని వాళ్ళమ్మ విసుక్కుంది. ఆవిడ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ వాడు చేసింది చాలా తెలివైన తప్పు.

ఒకసారి కాగితం మీద 'స్తీ' అని రాసి చూడండి. గుడిదీర్ఘం స తల మీద ఉంటుంది, త వత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ముందు స్, తర్వాత త్, ఆ తర్వాతే ఈ. కంటికి కనిపించే వరస ఒకటి, చెవికి వినిపించే వరస ఇంకొకటి. పిల్లవాడు కనిపించింది కనిపించినట్టు చదివాడు. మనం ఈ చిక్కును ఎప్పుడో చిన్నప్పుడే దాటేశాం కాబట్టి, అక్కడ చిక్కు ఉందన్న సంగతే మరిచిపోయాం.

ఇంగ్లీషులో 26 అక్షరాలు. మన హల్లులు ఒక్కొక్కదానికీ గుణింతం రాస్తే, వత్తుల జోలికి వెళ్ళకముందే నాలుగు వందల రూపాలు దాటతాయి. మరి ఇవన్నీ పిల్లల చేతికి ఎప్పుడొస్తాయి? మనకు బాగా దగ్గరి లిపి కన్నడం. అక్కడి పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటున్నారో గమనించి, సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు అక్షరాలు త్వరగానే వస్తున్నాయి. గుణింతాలు, వత్తులు కలిసిన అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికి మాత్రం నాలుగో తరగతి, ఆపైన కూడా పడుతోందని తేలింది. నేను ఈ విషయం మొదటిసారి తెలుసుకున్నప్పుడు, రెండో తరగతిలోనే మొద్దులని ముద్ర వేయించుకున్న పిల్లలు ఎంతమంది ఉంటారోనని మనసు కలుక్కుమంది.

ఆ అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. దాన్ని మీ ఇంట్లోనే గమనించవచ్చు. ఒకటో తరగతి పిల్లను పిలిచి, 'మామిడి' అంటూ చప్పట్లు కొట్టమనండి. మా, మి, డి అని మూడు చప్పట్లు హాయిగా కొడుతుంది. ఇప్పుడు 'కాలు'లో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుందని అడగండి. 'లు' అంటుంది. కా అనే అక్షరంలో క్ వేరు, ఆ వేరు అన్నది ఆ వయసుకు ఇంకా తోచదు. మన లిపిలో ఆ రెండూ ఒకే ముద్దగా కలిసి ఉంటాయి కదా! ఆ ముద్దను విడదీసి వినే చెవి మన పిల్లలకు నెమ్మదిగా తయారవుతుంది. అది వచ్చేదాకా గుణింతం వాళ్ళకు బొమ్మల వరసలాగే ఉంటుంది.

కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు... ఈ పాట మనందరికీ నోటికి వచ్చు. ఇది పనికిరాని బట్టీ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఏ గుర్తుకు ఏ శబ్దమో ఇందులో ఉంది. గుర్తు పేరుతో సహా ఉంది. చిక్కల్లా పాట దగ్గరే ఆగిపోవడంతో వస్తుంది. బోర్డు మీద 'కె' ఒక్కటే రాసి చదవమంటే, చాలామంది పిల్లలు మనసులో క, కా, కి, కీ అంటూ మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. పెదవులు కదలడం మనకు కనిపిస్తుంది. అంటే వాళ్ళు వరసను గుర్తుపెట్టుకున్నారు, అక్షరాన్ని కాదు.

అందుకని పాట వచ్చాక వరస చెడగొట్టాలి. పాత పెళ్ళి శుభలేఖల వెనక్కాల కి, మి, ని, గి అని రాసి పిల్ల ముందు పరవండి. అన్నిటి మీదా ఉన్న గుడిని వేలితో చూపించమనండి. ఆ గుడి తీసేసి తలకట్టు పెడితే ఏమవుతుందో అడగండి. ముద్దలోంచి అచ్చు విడివడి వినిపించేది ఇలాంటప్పుడే. వత్తులకూ ఇదే దారి. ముందు 'అక్క', 'అమ్మ', 'పప్పు' లాంటి మాటలు ఇవ్వాలి. ఏ హల్లుకు ఆ వత్తే వచ్చే ఈ మాటలు పిల్ల నోట్లో రోజూ ఆడుతూనే ఉంటాయి. 'కుస్తీ', 'పుస్తకం' ఆ తర్వాత. వాటిని రాసేటప్పుడు స మీది గుడిదీర్ఘం ఎవరిదో, త వత్తుకు ముందు పలకాలా, వెనకా అన్నది వేలు పెట్టి చూపించి చెప్పాలి. చెప్పకుండానే వచ్చేస్తుందని అనుకోవడం పిల్లలకు అన్యాయం.

పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో ఇంటింటికీ వెళ్ళి చూసే అసర్ (ASER) సర్వే ఒకటుంది. 2024 సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో చదివే మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతం. ఈ అంకె వినగానే మనకు కంగారు పుడుతుంది, సిలబస్ ఇంకా వేగంగా పరిగెత్తిస్తాం. వేగం పెంచితే వత్తుల దగ్గర తడబడే పిల్ల ఇంకా వెనకబడుతుంది. ఆ పిల్లకు కావాల్సింది నిన్నటి పాఠాన్ని ఇంకోసారి, ఇంకో మాటతో చెప్పే టీచరు. ఇంట్లో అయితే పక్కన కూర్చునే పది నిమిషాలు.

పక్కింటి బాబు దగ్గర నేనూ ఆ సాయంత్రం కాసేపు కూర్చున్నాను. 'స్తీ' పెద్దగా రాసి, "పైన ఉన్నది స ఒక్కదానిది కాదు నాన్నా, ఇద్దరిదీ. ఇద్దరినీ పిలిచాకే దాన్ని పిలవాలి" అన్నాను. రెండుసార్లు తప్పాడు. మూడోసారి 'కుస్తీ' అని, తలెత్తి వాళ్ళమ్మ వైపు చూశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కందిపప్పు ప్యాకెట్ తెచ్చుకుని, దాని మీద వత్తులు వెతకడం మొదలుపెట్టాడు.

నమస్కారం.