బ్యాచిలర్ డ్యూక్ ఆస్తులన్నీ ఒక్క షీట్‌లో: బర్లింగ్టన్ దగ్గర మాత్రం జాగ్రత్త

అందరికీ నమస్కారం. డెవన్‌షైర్ ఆరో డ్యూక్ విలియం కావెండిష్... పెళ్లి చేసుకోలేదు, అందుకే బ్యాచిలర్ డ్యూక్ అంటారు. ఆయన జీవితం, ఎస్టేట్లు ఇవాళ షీట్‌లోకి ఎక్కిద్దాం.

ఖాళీ షీట్ తెరవండి. పై వరసలో ఇదిగో, ఎస్టేట్, ఎక్కడ, ఎవరి వైపు నుంచి, వచ్చిన ఏడాది, పోయిన ఏడాది, ఎలా. ఆ వరస ఫ్రీజ్ చేయండి. అయిపోయింది.

తేదీలు. ఎక్సెల్‌లో 1900కి ముందు తేదీ కొడితే దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా పెట్టేస్తుంది. సార్ట్ కొట్టగానే అంతా తారుమారు. అందుకే ఏడాది, నెల, రోజు, మూడు కాలమ్‌లు. పుట్టింది 1790 మే 21, పారిస్‌లో. డ్యూక్ అయింది 1811. చనిపోయింది 1858 జనవరి 18, హార్డ్‌విక్ హాల్లో. లిబ్రే ఆఫీస్ కాల్క్‌కి ఈ గొడవ లేదు, ఇలాంటి పనికి నా ఓటు దానికే.

పేర్లు. తాత విలియం, తండ్రి విలియం, ఈయనా విలియం, తర్వాతి డ్యూకూ విలియమే! పక్కన డి4, డి5, డి6, డి7 అని వేసేయండి, అంటే నాలుగో డ్యూక్ నుంచి ఏడో డ్యూక్ దాకా.

మొదటి వరస చాట్స్‌వర్త్, ఈ కుటుంబం పెద్ద బంగళా. బిరుదు డెవన్‌షైర్, బంగళా ఉన్న కౌంటీ డెర్బీషైర్, చూసి కొట్టండి. 1549 నుంచి కావెండిష్‌లదే. అన్నట్టు, మన దగ్గర పండే జీ-9 అరటి ఉందే, అది కావెండిష్ రకమే. ఆ పేరు ఈ డ్యూక్‌దే. ఈ తోటలోనే ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ పెంచాడు.

ఇప్పుడు బర్లింగ్టన్. ఇక్కడ ఆగండి, అందరూ పడేది ఇక్కడే. రిచర్డ్ బాయిల్, మూడో బర్లింగ్టన్ ఎర్ల్ (ఎర్ల్ అంటే డ్యూక్ కన్నా కింది బిరుదు). మగపిల్లలు లేరు, 1753లో పోయాడు, ఆ బిరుదు అక్కడితో ఆగిపోయింది. ఆస్తి ఆగలేదు! కూతురు షార్లెట్ 1748లోనే డి4ని పెళ్లాడింది. చిజిక్, బర్లింగ్టన్ హౌస్, లాండెస్‌బరో, బోల్టన్ ఆబీ, ఐర్లండ్‌లో లిస్మోర్ కోట, అన్నీ ఆమె వైపు నుంచే. 'ఎవరి వైపు నుంచి' కాలమ్‌లో బాయిల్ అని రాయండి. మళ్లీ చెప్తున్నా, కావెండిష్ కాదు, బాయిల్.

సరే, 1831లో అదే బిరుదు కొత్తగా పుట్టింది. ఈసారి డి6 బాబాయి లార్డ్ జార్జ్ కావెండిష్‌కి. ఆయన మనవడే రెండో ఎర్ల్, 1858లో డి7 అయింది అతనే. మూడో ఎర్ల్ ముందు, రెండో ఎర్ల్ తర్వాత! నంబరు చూసి వరస కలిపితే చెట్టంతా తప్పు. బిరుదు పక్కన 1664, 1831 అని పుట్టిన ఏడాది వేయండి, చిక్కు విడిపోతుంది.

పోయినవి గబగబా. బర్లింగ్టన్ హౌస్‌ని డి6 1815లో ఆ బాబాయికే అమ్మాడు. లాండెస్‌బరో 1845లో రైల్వేల జార్జ్ హడ్సన్‌కి, అప్పులు తీర్చడానికి. హార్డ్‌విక్ డి6 కాలంలో పోలేదు, 1950లో పదో డ్యూక్ చనిపోయాక పడిన పన్నులో పోయింది. చివరి కాలమ్‌లో వేయండి.

సీఎస్‌వీలో (కామాలతో విడగొట్టిన సాదా ఫైలు) సేవ్ చేస్తే అక్షరాల కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్న గుర్తులే.