నారు పోయడానికి ఇంట్లో కలిపిన మూడు మిశ్రమాలు: 22 రోజుల తర్వాత నా రివ్యూ

నమస్కారం. నా ముందు మూడు నారు ట్రేలున్నాయి. మూడింటిలోనూ ఒకే ప్యాకెట్‌లోని టమాటా విత్తనాలు ఒకే రోజు వేశాను. వెలుతురు ఒకటే, నీళ్లు ఒకటే. విత్తనం కింద పోసిన మిశ్రమం మాత్రమే వేరు. ఈ రోజుకు 22 రోజులు. ఏ ట్రే ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను.

ఎడమవైపున్నది పెరటి మట్టి, చివికిన ఎరువు చెరిసగం. మధ్యలోది ఉత్త కొబ్బరి పొట్టు. కుడివైపు ట్రేలో రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్ట్, ఒక పాలు పెర్లైట్ (ఒక రకం రాతిని వేడితో ఉబ్బించి చేసే తెల్లటి, గుల్ల గింజలు). పాళ్లన్నీ డబ్బాతో కొలిచినవే. పెర్లైట్ చాలా తేలిక కాబట్టి తూకం వేస్తే లెక్క తప్పుతుంది.

ముందు ఎడమ ట్రే. పైన మట్టి అట్టకట్టింది, వేలితో తడితే చప్పుడు వస్తోంది. చాలా గళ్లలో మొలక ఆ పెచ్చును ఎత్తలేక ఆగిపోయింది. మొలిచిన వాటిలో ఈ ఒక్కదాన్ని దగ్గరగా చూడండి. మట్టిని తాకే చోట కాండం ఉడికినట్టు మెత్తబడి, దారంలా సన్నబడింది. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, మొక్క మాత్రం పక్కకు ఒరిగిపోయింది. నారుకుళ్లు తెగులు అంటే ఇదే. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు దీనికి కారణం. అవి మామూలు మట్టిలో ఉండేవే. తడి ఆరకుండా, గాలి ఆడకుండా ఉంటే లేత కాండం మీద పడతాయి.

మరి ఇదే మట్టి పెరట్లో అంత బాగా కాపు ఇస్తుంది కదా, ట్రేలో ఎందుకు చెడింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. జవాబు ఈ స్పాంజిలో ఉంది. నీళ్లలో ముంచి, అడ్డంగా పడుకోబెట్టి పట్టుకుంటున్నాను. నీరు కారి కారి ఆగింది. ఇప్పుడు పిండకుండా, అలాగే నిలువుగా తిప్పుతున్నాను. చూశారా, మళ్లీ ధారగా కారుతోంది. స్పాంజి అదే, రంధ్రాలు అవే, ఎత్తు ఒక్కటే పెరిగింది. పెరటి నేలలో నీరు కిందికి దిగిపోవడానికి లోతు ఉంది. రెండు అంగుళాల గడిలో ఆ లోతు లేదు, అందుకే అడుగున నీరు నిలిచిపోతుంది. మెత్తటి మట్టి అయితే ఆ తడి దాదాపు పైదాకా ఉంటుంది. వేరుకు ఊపిరి ఆడదు. గడి ఎంత చిన్నదైతే మిశ్రమం అంత గుల్లగా ఉండాలి. నారు మిశ్రమంలో నేను ముందు చూసేది ఇదే, ఎరువు సంగతి తర్వాత.

మట్టి వాడకూడదని నేను అనను. 1930లలో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థ రూపొందించిన విత్తనాల మిశ్రమంలో రెండు పాళ్లు మట్టే. కానీ ఆ మట్టిని ఆవిరితో శుద్ధి చేసి, ఒక పాలు పీట్ (చిత్తడి నేలల్లో సగం చివికిన నాచు), ఒక పాలు ఇసుక కలిపేవారు. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పీట్, వర్మిక్యులైట్ (వేడితో ఉబ్బించిన అభ్రకం లాంటి ఖనిజం), పెర్లైట్‌లతో మట్టే లేని మిశ్రమాలను ప్రచారంలోకి తెచ్చింది. నా కుడి ట్రే ఆ రెండో దారిలోది.

మధ్య ట్రేలో దాదాపు అన్ని విత్తనాలూ మొలిచాయి. మొదటి వారం ఇదే గెలుస్తుందనుకున్నాను. విత్తనం తన తిండి తానే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి మొలకెత్తే వరకు దానికి తడి, గాలి, వెచ్చదనం చాలు. మొలకతో వచ్చే జంట ఆకుల తర్వాత అసలు ఆకులు విచ్చుకున్నాక ఆ నిల్వ అయిపోతుంది. ఇక్కడ ఆకులు ఎలా పాలిపోయాయో చూడండి. కొబ్బరి పొట్టులో మొక్కకు అందే నత్రజని చాలా తక్కువ. పైగా సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. అందుకే ఇటుకలా నొక్కి అమ్మే కొబ్బరి పొట్టును నానబెట్టాక కనీసం మూడుసార్లు కడిగి పిండాలి. మొదటి నీళ్లు ముదురు టీ రంగులో వస్తాయి. రంగు తగ్గితే ఉప్పు పోయిందని కాదు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న మీటరు ఉంటే దాన్నే నమ్మండి.

ఇక కుడి ట్రే. ఈ మిశ్రమాన్ని గుప్పిట పట్టి గట్టిగా పిండుతున్నాను. వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలు రాలాయి, అంతే. గుప్పిట తెరిస్తే ముద్దగా నిలిచింది, వేలు తగలగానే విడిపోయింది. తడి సరిపోయిందని తెలిసేది ఇలాగే. మొక్కలు పొట్టిగా, కాండం లావుగా, ఆకులు నిండు పచ్చగా ఉన్నాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పెర్లైట్ పొడి ముక్కులోకి పోతుంది, సంచి తెరిచిన వెంటనే నీళ్లు చల్లి తడిపాకే కలపండి, మాస్కు తప్పనిసరి. పైనుంచి నీళ్లు పోస్తే ఆ తెల్ల గింజలు పైకి తేలతాయి, నేను అందుకే ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి కిందినుంచి తడుపుతాను, పైభాగం తడిసిన వెంటనే తీసేస్తాను. రెండు గళ్లలో కలుపు కూడా మొలిచింది. వర్మీకంపోస్ట్ తయారయ్యేటప్పుడు బాగా వేడెక్కదు, కలుపు గింజలు చావకుండా మిగలవచ్చు. జల్లెడ పడితే ఉండలు పోతాయి గానీ సన్న గింజలు ఆగవు.

పెర్లైట్ దొరకకపోతే ముతక ఇసుక వేయండి, ట్రే బరువెక్కుతుంది, అంతే. సన్న ఇసుక మాత్రం వద్దు. అది ఖాళీలను పూడ్చేసి, మనం గాలికోసం పడిన శ్రమనంతా పాడు చేస్తుంది.

కుడి ట్రేకు పదికి ఎనిమిది ఇస్తాను. మధ్యదానికి ఐదు, అది కూడా అసలు ఆకులు రాగానే పలచటి ద్రవ ఎరువు మొదలుపెడతామంటేనే. ఎడమదానికి రెండు.

చివరగా ఈ మొక్కను గడిలోంచి తీస్తున్నాను. అడుగున వేలితో నెట్టాను, గడ్డ చెదరకుండా మొత్తం వచ్చింది. తెల్లటి వేర్లు నాలుగు వైపులా అల్లుకున్నాయి, ఒక వేరైతే పెర్లైట్ గింజను చుట్టేసి పట్టుకుంది. ఎడమ ట్రేలో బతికిన దాన్ని కూడా తీద్దాం. మట్టి విరిగి పడిపోయింది, చేతిలో మిగిలింది రెండు గోధుమరంగు పోగులు. కుడి ట్రేలోవన్నీ ఈ సాయంత్రమే పెద్ద కుండీల్లోకి మారుస్తున్నాను.