గడప కింది కాపలా: మెసొపొటేమియా రక్షక శక్తులపై చర్చ

యాంకర్: నమస్కారం. ప్రాచీన మెసొపొటేమియాలో, అంటే ఎక్కువగా ఇప్పటి ఇరాక్ నేల మీద, ఇళ్లనూ కోటలనూ కాపాడతాయని జనం నమ్మిన శక్తుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. స్టూడియోలో ఒక చరిత్ర అధ్యాపకురాలు, ఒక రాతి శిల్పి ఉన్నారు. మేడమ్, అందరికీ తెలిసిన రెక్కల ఎద్దుతో మొదలుపెడదామా?

అధ్యాపకురాలు: అలాగేనండి. మనిషి తల, ఎద్దు లేదా సింహం ఒళ్లు, పెద్ద రెక్కలు. దాన్నే లమస్సు అంటున్నాం. క్రీ.పూ. 9వ శతాబ్దంలో అస్సీరియా రాజు రెండో అషుర్‌నసిర్‌పాల్ నిమ్రూద్ కోట ద్వారాలకు ఇరువైపులా వీటిని నిలబెట్టాడు. తర్వాతి శతాబ్దంలో రెండో సార్గాన్ ఖోర్సాబాద్‌లో ఇంకా పెద్దవి చెక్కించాడు. వాటిలో ఒకటి ఇప్పుడు షికాగో మ్యూజియంలో ఉంది, దాదాపు 40 టన్నులు.

శిల్పి: నన్ను పట్టేసింది బరువు కాదు మేడమ్, కాళ్లు. ఎదురుగా నిలబడితే రెండు ముందుకాళ్లు కదలకుండా ఉంటాయి. పక్కకి వెళ్తే నాలుగు కాళ్లతో నడుస్తుంటుంది. మూల నుంచి చూస్తే మొత్తం ఐదు! వచ్చేవాడి ముందు నిలబడాలి, లోపలికి వెళ్లేవాడి పక్కన నడవాలి. ఈ రెండు పనులకూ ఒకే రాయి సరిపోయేలా ఆలోచించిన చెయ్యికి దండం పెట్టాలి.

యాంకర్: బయటి రాజ్యాల రాయబారులను భయపెట్టడానికే కదా ఇదంతా?

అధ్యాపకురాలు: అదీ ఉంది. కానీ నమ్మకం అసలు బలమెంతో తెలియాలంటే కంటికి కనబడని బొమ్మల దగ్గరికి వెళ్లాలి. మనిషి ఇంట్లోకి చెడు అడుగు పెట్టకుండా ఆపడానికి ఒక పూజావిధి ఉండేది. దాని పలకలు దొరికాయి. ఏ బొమ్మ దేనితో చేయాలి, ఎక్కడ పాతాలి, అన్నీ రాసి ఉన్నాయి. చేప చర్మం కప్పుకున్న జ్ఞానులు, పక్షి తల ఉన్నవాళ్లు, సింహం తల ఉన్నవాళ్లు, అరచేతిలో పట్టేంత మట్టి బొమ్మలు. వాటిని గదుల నేల కింద, గుమ్మాల దగ్గర పాతేవాళ్లు. చూడ్డానికి ఎవరూ లేరు. అయినా రెక్కల మీద గీతలు కూడా వదలకుండా దిద్దారు.

శిల్పి: కుక్కల గురించి చెప్పండి.

అధ్యాపకురాలు: చెప్పకుండా ఉంటానా! అస్సీరియా రాజధాని నినెవేలో, అషుర్‌బనిపాల్ రాజు కోటలో ఐదు చిన్న మట్టి కుక్కలు దొరికాయి. క్రీ.పూ. 7వ శతాబ్దానివి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కోదాని ఒంటి మీద దాని పేరు చెక్కారు. ఒకదాని పేరు ‘చెడును తరిమేది’. ఇంకోదాని పేరు ‘ఆలోచించకు, కరిచెయ్’. ఇంత పెద్ద సామ్రాజ్యం ఏలినవాడి ఇంటికి కూడా ఆ టెన్షన్ తప్పలేదు.

యాంకర్: పజూజు బొమ్మ చూస్తే నాకే భయమేసింది. మన దిష్టిబొమ్మ లాంటిదా అది?

అధ్యాపకురాలు: కొంతవరకే. దిష్టిబొమ్మ చెడు చూపును తన మీదికి లాక్కుంటుంది. పజూజు అలా కాదు, అతనే చెడ్డ గాలి దెయ్యాలకు రాజు. లూవ్ర్ మ్యూజియంలోని కంచు బొమ్మ మీద అతను తన మాటగా అదే చెప్పుకుంటాడు. గర్భిణుల మీద, పసిబిడ్డల మీద పడే లమష్టు అనే దుష్టశక్తిని తరమడానికి అతన్ని పిలిచేవాళ్లు. అతని తల రూపంలో తాయెత్తులు చేసుకునేవాళ్లు. ప్రసవం ప్రాణాల మీదికి వచ్చే రోజుల్లో మంచివాడు దొరికేదాకా ఆగలేదు వాళ్లు, బలవంతుణ్ణి పిలిచారు. నాకు అందులో మూఢత్వం కన్నా ఆ తల్లుల తెగింపే ఎక్కువ కనబడుతుంది.

యాంకర్: 2015లో ఐసిస్ ఉగ్రవాదులు వీటిలో కొన్నింటిని పగలగొట్టారు కదా?

శిల్పి: నినెవే నెర్గల్ ద్వారం దగ్గర లమస్సు ముఖాన్ని డ్రిల్లింగ్ మెషిన్‌తో చెక్కేశారు. ఆ వీడియో చూడలేక ఆపేశాను. రాయి మీద పనిచేసేవాడికి అది ఒంటి మీద దెబ్బే. ఖోర్సాబాద్‌లో మాత్రం ఒకటి మిగిలింది. మట్టి కప్పి దాచిన 18 టన్నుల విగ్రహాన్ని 2023లో మళ్లీ బయటికి తీశారు. ఒళ్లు చెక్కుచెదరలేదు, తల లేదు. 1990లలో దొంగలు దాన్ని కోసుకుపోయారు. తర్వాత తిరిగి దొరికి బాగ్దాద్ మ్యూజియానికి చేరింది. నా చేతిలో ఉంటే ఆ తలను ఆ ఒంటికి కలిపి, అదే ద్వారం దగ్గర నిలబెడతాను.

అధ్యాపకురాలు: ద్వారం దగ్గరే అన్నదానితో నేనూ ఏకీభవిస్తాను. కానీ ముందు అక్కడ మనుషుల కాపలా గట్టిగా ఉండాలి సార్.