సైన్యం వచ్చేలోపు గడిచే గంటలు

1995 మార్చి 20, సోమవారం. టోక్యోలో ఉదయం ఎనిమిది గంటలు. మెట్రో రైళ్లన్నీ ఆఫీసులకు వెళ్లేవాళ్లతో కిక్కిరిసి ఉన్నాయి. ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థకు చెందిన ఐదుగురు ఐదు రైళ్లలో న్యూస్ పేపర్ చుట్టిన ప్లాస్టిక్ సంచులు కింద పెట్టి, గొడుగు మొనతో పొడిచి దిగిపోయారు. ఆ సంచుల్లో ఉన్నది సారిన్. నరాల వ్యవస్థను దెబ్బతీసే విషం. నిమిషాల్లో జనానికి కళ్లు మసకబారాయి, ఊపిరి అందలేదు. స్టేషన్ మెట్లు ఎక్కి పైకి వచ్చినవాళ్లు రోడ్డు పక్కన కూలబడిపోయారు. ఆ దాడికి మొత్తం 14 మంది బలయ్యారు. ఆ పద్నాలుగో వ్యక్తి పాతికేళ్లు మంచానికే పరిమితమై 2020లో కన్నుమూశారు.

నమస్కారం. రసాయన, జీవ, అణు ప్రమాదాల గురించి మాట వస్తే చాలు, ఎవరో ఒకరు వెంటనే అంటారు: "ఆర్మీ ఉంది కదా, దింపేస్తే సరిపోతుంది." అలా అనడంలో తప్పు లేదు, ఎందుకంటే సైన్యం మీద మనందరికీ అంత నమ్మకం ఉంది. కానీ సైన్యం వచ్చేలోపు కొన్ని గంటలు గడుస్తాయి. ఆ గంటల్లో ఏం జరుగుతుందో ఈ వీడియోలో చెప్పాలనుకుంటున్నాను. వచ్చాక సైన్యం నిజంగా చేయగలిగింది ఏమిటో, చేయలేనిది ఏమిటో కూడా చూద్దాం.

ముందు టోక్యో సంగతే పూర్తి చేద్దాం. ఘటన జరిగిన చోటికి దగ్గరలో సెయింట్ లూక్స్ ఆసుపత్రి ఉంది. ఆ ఒక్క రోజే అక్కడికి 640 మంది వచ్చారు. వాళ్లలో అంబులెన్స్‌లో వచ్చింది కొద్దిమందే. ఎక్కువమంది నడిచి వచ్చారు, టాక్సీలు పట్టుకుని వచ్చారు, దారిన పోయే బండ్లు ఆపి ఎక్కి వచ్చారు. బట్టల మీద ఉన్న విషాన్ని కడిగేవాళ్లు లేరు, తలుపు దగ్గర ఆపేవాళ్లు లేరు. వార్డులు చాలక ఆసుపత్రిలోని ప్రార్థనా మందిరంలో కూడా పడుకోబెట్టారు. రోగుల బట్టల నుంచి లేచిన ఆవిరి పీల్చి, ఆసుపత్రి సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు మందికి కళ్లు మసకబారడం, తలనొప్పి లాంటి లక్షణాలు కనిపించాయి. పేషెంట్లను మోసుకొచ్చిన అంబులెన్స్ సిబ్బందిలో కూడా 135 మంది అస్వస్థులయ్యారు. సాయం చేయడానికి వచ్చినవాళ్లే బాధితుల లెక్కలో కలిశారు.

ఇంకా పెద్ద టెన్షన్ ఏమిటంటే, అది ఏ విషమో మొదట ఎవరికీ తెలియదు. అసిటోనైట్రైల్ అనే మరో రసాయనమని ఆసుపత్రులకు తొలి సమాచారం వెళ్లింది. సారిన్ అని తేలేసరికి రెండు మూడు గంటలు దాటింది. విషం ఏదో తెలియకుండా విరుగుడు ఏమని ఇస్తారు? కొందరు డాక్టర్లు రోగుల కంటిపాపలు సూదిమొనంత అయిపోవడం చూసి ఊహించారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో మత్సుమోతో పట్టణంలో ఇదే ముఠా సారిన్ వదిలినప్పుడు వైద్యం చేసిన డాక్టర్ ఒకరు టీవీ చూసి, టోక్యోకు తనంతట తానే ఫోన్ చేసి చెప్పారు. వేల ప్రాణాల సంగతి అలా ఒకరి చొరవ మీద నిలబడింది.

సైన్యం సాయం కావాలని టోక్యో గవర్నర్ అధికారికంగా కోరింది మధ్యాహ్నం. ఆత్మరక్షణ దళాల, అంటే జపాన్ సైన్యపు, రసాయన రక్షణ విభాగాలు వచ్చాయి. మాస్కులు, సూట్లు వేసుకుని స్టేషన్లలోకి, బోగీల్లోకి దిగి, క్షారం కలిపిన నీళ్లతో కడిగాయి. క్షారంలో సారిన్ విరిగిపోతుంది. ఆ పనికి వాళ్లలాంటి శిక్షణ ఉన్నవాళ్లే కావాలి. కాకపోతే వాళ్లు కడుగుతున్న సమయానికి 640 మంది ఎప్పుడో ఆసుపత్రికి చేరిపోయారు.

అందుకే నా దృష్టిలో సైన్యం తెచ్చే మొదటి సాయం బలగం కాదు, కొలత. అది ఏ విషం, ఎంత ఉంది, ఎంత దూరం పాకింది అన్న మూడు విషయాలు తేల్చడమే. చెర్నోబిల్‌లో ఇదే చూస్తాం. అది అప్పటి సోవియట్ ఉక్రెయిన్‌లోని అణు విద్యుత్ ప్లాంటు. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక, 1:23కి నాలుగో రియాక్టర్ పేలింది. ప్లాంటు పెద్దలు రియాక్టర్ చెక్కుచెదరలేదని పైకి చెబుతూ పోయారు. సోవియట్ రసాయన దళాల అధిపతి జనరల్ వ్లాదిమిర్ పికాలోవ్ వచ్చి, కొలత పరికరాలున్న వాహనంలో తానే ప్లాంటు దాకా వెళ్లి రేడియేషన్ కొలిచారు. ఆ అంకె వచ్చాక ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. రియాక్టర్ తెరుచుకుని మండుతోంది. 27 మధ్యాహ్నం సుమారు 1,200 బస్సుల్లో ప్లాంటు పక్కనే ఉన్న ప్రిప్యాట్ పట్టణం ఖాళీ అయింది. దాదాపు 50,000 మంది. అప్పటికే పేలి ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజూ పిల్లలు వీధుల్లో ఆడుకున్నారు. రియాక్టర్ తెరుచుకుందని మొదటి గంటలోనే ప్లాంటు వాళ్లు ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేదో అని ఇది చదివిన ప్రతిసారీ అనుకుంటాను.

రెండో సాయం శుభ్రం చేయడం. దీన్ని డీకంటామినేషన్ అంటారు. మనుషుల విషయంలో చాలావరకు సులువే: బట్టలు విప్పించి, సబ్బు నీళ్లతో కడిగితే ఒంటి మీది విషం చాలా వరకు పోతుంది. దీనికి ఆర్మీ కోసం ఆగక్కర్లేదు. ఆసుపత్రి గేటు బయట నీళ్ల పైపు, మార్చుకోవడానికి బట్టలు, చాటుకు తెరలు, ఏం చేయాలో తెలిసిన నలుగురు మనుషులు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఊళ్లను, ఇళ్లను శుభ్రం చేయడం మాత్రం వేరే లెక్క. 2018 మార్చి 4న ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో మాజీ గూఢచారి సెర్గేయ్ స్క్రిపాల్, ఆయన కూతురు నోవిచోక్ విషానికి గురయ్యారు. పోలీసులు అడిగాక సుమారు 180 మంది సైనికులు మొదటగా వచ్చారు. మొత్తం 12 చోట్లు శుభ్రం చేయడానికి 2019 మార్చి 1 దాకా పట్టింది. అంటే దాదాపు ఏడాది. స్క్రిపాల్ ఇంటి తలుపు పిడికి పూసిన విషం కోసం ఆ ఇంటి పైకప్పు కూడా తీసేయాల్సి వచ్చింది. కెమెరాలు రెండు వారాల్లో వెళ్లిపోతాయి. సూట్లు వేసుకున్న సైనికులు మాత్రం నెలల తరబడి అదే పని చేస్తూ ఉంటారు.

ఇప్పుడు జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ ప్లాంటు. 2011 మార్చి 14న ఆత్మరక్షణ దళాల అణు, జీవ, రసాయన రక్షణ విభాగం వాళ్లు మూడో రియాక్టర్‌కు నీళ్లు అందించడానికి వెళ్లారు. వాళ్లు చేరిన కాసేపటికే హైడ్రోజన్ పేలింది. నలుగురు సైనికులు గాయపడ్డారు. ప్లాంటు లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్లు, సాయానికి పిలిచినవాళ్లకు ఆ వివరం ముందే చెప్పగలగాలి కదా! 17న హెలికాప్టర్లు వెళ్లి నాలుగుసార్లు నీళ్లు కుమ్మరించాయి. ప్రపంచమంతా టీవీలో చూసిన దృశ్యం అది. గాలికి చాలా నీళ్లు చెదిరిపోయాయి. రియాక్టర్‌కు దానివల్ల జరిగిన మేలు తక్కువే. తర్వాత నేల మీద నుంచి ఫైరింజన్లు, కాంక్రీట్ పంపులు పోసిన నీళ్లే ఎక్కువ ఉపయోగపడ్డాయి. పైలట్ల తెగువను తక్కువ చేయడం లేదు, ఆ రేడియేషన్ మీదుగా వెళ్లడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! కానీ కంటికి కనిపించే పని, అవసరమైన పని ఒకటే కాకపోవచ్చు.

అదే రోజుల్లో కెమెరాలకు కనిపించనిది ఒకటి జరిగింది. ప్లాంటుకు ఐదు కిలోమీటర్లలోపే ఫుతాబా అనే ఆసుపత్రి ఉంది. అందులో, దాని అనుబంధ వృద్ధాశ్రమంలో మంచం దిగలేని ముసలివాళ్లు వందల్లో ఉన్నారు. నడవగలిగినవాళ్లు ముందే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లను తీసుకురావడానికి సైన్యం వచ్చింది. 14న వాళ్లను బస్సుల్లో కూర్చోబెట్టారు. పడుకుని తప్ప ఉండలేని మనుషులు వాళ్లు. వెంట డాక్టర్ లేరు. ముందు రేడియేషన్ పరీక్ష, తర్వాత చుట్టుతిరుగుడు దారులు. సుమారు పది గంటలు ప్రయాణించి ఒక స్కూల్ జిమ్‌కు చేరారు. కొందరు బస్సులోనే పోయారు. ఆ తరలింపులో, తర్వాతి రోజుల్లో పోయినవాళ్లు 40 మందికి పైనే. వాళ్లను చంపింది రేడియేషన్ కాదు. నీళ్లు, మందులు, చూసే మనిషి లేకపోవడం.

ఆ సైనికుల్ని నిందించలేం. రోగుల జాబితా, ఎవరికి ఏ మందు, ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది వాళ్ల చేతికి ఇవ్వాల్సింది పౌర అధికారులు. సైన్యం దగ్గర బస్సులు ఉంటాయి, మనుషులు ఉంటారు, క్రమశిక్షణ ఉంటుంది. ఆ బస్సు ఎక్కాల్సిన ముసలావిడకు ఏ పూట ఏ మాత్ర ఇవ్వాలో వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, ఆ జాబితా అప్పటికప్పుడు తయారు కాదు.

చాలా దేశాల్లో నియమం ఒకటే: పెత్తనం పౌర యంత్రాంగానిది, సైన్యం పిలిస్తే వచ్చి సాయపడుతుంది. అమెరికాలో ఈ పనికోసమే, రాష్ట్రాల చేతిలో ఉండే సైనిక దళమైన నేషనల్ గార్డ్‌లో 57 బృందాలున్నాయి. ఒక్కో బృందంలో 22 మంది. ఫోన్ వచ్చిన గంటన్నరలో ముందు వరస బయల్దేరాలి. వాళ్లు వచ్చి అధికారం చేతిలోకి తీసుకోరు. విషం ఏదో గుర్తుపట్టి, ఎంత ప్రమాదమో అంచనా వేసి, అక్కడి ఫైర్ ఆఫీసర్‌కు సలహా చెబుతారు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. చిన్నది, దగ్గరలో ఉంటుంది, స్థానికులకు ముఖ పరిచయం ఉంటుంది. దూరం నుంచి వచ్చే పెద్ద బలగం చాలాసార్లు ఆలస్యమవుతుంది. 2014లో ఎబోలా సమయంలో అమెరికా సైన్యం లైబీరియాలో చికిత్సా కేంద్రాలు కట్టింది. కొన్ని తెరుచుకునే సరికి కేసులు తగ్గుముఖం పట్టాయి, మంచాలు ఖాళీగా మిగిలాయి.

చివరగా ఆ సైనికుల ఆరోగ్యం. చెర్నోబిల్‌లో 1986 సెప్టెంబరులో రియాక్టర్ లోంచి ఎగిరి పక్క కప్పు మీద పడ్డ, రేడియేషన్ చిమ్మే గ్రాఫైట్ ముక్కలు తీయాల్సి వచ్చింది. యంత్రాలను పంపితే రేడియేషన్‌కు మొరాయించాయి. అప్పుడు మనుషులను పంపారు. 3,000 మందికి పైగా, ఎక్కువమంది రిజర్వు నుంచి పిలిచినవాళ్లు. సీసపు రేకులు తామే కత్తిరించి ఒంటికి కట్టుకుని, పార పట్టుకుని పైకి పరుగెత్తేవాళ్లు. ఒక్కొక్కరికి నిమిషం, రెండు నిమిషాలు. ఒకటి రెండు పారలు కింద పడేసి వెనక్కి పరుగు. ఆ తర్వాత ఇళ్లకు వెళ్లిపోయారు. మొత్తం ప్రక్షాళనలో పాల్గొన్న లక్షల మందిలో చాలామంది ఎంత రేడియేషన్ తీసుకున్నారో సరైన రికార్డు లేదు. రికార్డు లేకపోతే, పదేళ్ల తర్వాత జబ్బు చేసినప్పుడు ఏమని చూపించాలి? ఏ డ్రిల్ చూసినా, ఏ ప్రణాళిక చదివినా నేను ముందు ఆ పేజీ కోసమే వెతుకుతాను: సూటు విప్పిన చోట ఒక మనిషి కూర్చుని, వచ్చిన ప్రతి సైనికుడి పేరు, అతని డోసిమీటర్, అంటే ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే పరికరం, చూపిన అంకె రాసే పేజీ.